వంకలో దొరికిన ఎముకలు: ఏ జంతువువి, ఏ కాలానివి?

ప్రశ్న: బనగానపల్లె ప్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. నేను బనగానపల్లెకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా ఊరి పొలాల మధ్యగా పారే వంక ఒకటి కొంత దూరం పోయి జుర్రేరులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉండే ఆ వంక, పెద్ద వానలు పడినప్పుడు మాత్రం గట్లను కోసుకుంటూ పారుతుంది. నీళ్లు తీశాక అడుగున గులకరాళ్ల మధ్య ఎముకలు, పళ్లు కనబడుతుంటాయి. రెండేళ్లుగా ఆదివారాల్లో అక్కడ తిరిగి అలాంటివి నలభై దాకా ఏరి అట్టపెట్టెల్లో భద్రపరిచాను. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో పూర్వకాలపు జంతువుల ఎముకలు దొరికాయని చదివినప్పటి నుంచి, అవి మాకు అంత దూరంలో లేవు కదా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

వాటిలో మూడింటి గురించి మీ అభిప్రాయం కావాలి.

మొదటిది ఒక దవడ పన్ను. ఎత్తు అయిదున్నర సెంటీమీటర్లు. పక్క నుంచి చూస్తే మూడు స్తంభాలను ఒకదాని వెంట ఒకటి అతికించినట్టు ఉంటుంది; మూడోది మిగతా రెండింటికంటే సన్నం. నమిలే ముఖం మీద పింగాణి పొర మడతలు పడి, నెలవంకల్లాంటి గీతలు కనబడుతున్నాయి. ఇది గుర్రం పన్ను అని మా పాఠశాలలోనే పనిచేసే ఒకరు అంటున్నారు.

రెండోది ఆరు సెంటీమీటర్ల పొడవున్న పొట్టి ఎముక. చేతిలో దిట్టంగా ఉంటుంది. దాని రెండు చివరలూ బావి గిలకల్లాగా, మధ్యలో గాడితో నున్నగా ఉన్నాయి.

మూడోది జానెడు పొడవున్న ఎముక ముక్క. రెండు చివరలూ విరిగిపోయాయి. నా మనసంతా దీని మీదే ఉంది. పరిమాణానికి మించిన బరువు ఉంది, ఒక పక్క తెల్లని సున్నపు పెచ్చు రాయిలా గట్టిపడి పట్టుకుంది. ఒక అంచున పక్కపక్కనే ఆరేడు గాడులు వరుసగా ఉన్నాయి. రాతి పనిముట్లతో మాంసం కోసిన మనుషులు పెట్టిన గాట్లేమోనని నా అనుమానం.

ఇవి ఏ జంతువులవో, ఎంత పాతవో ఇంట్లో ఉండే సాధనాలతో తేల్చుకోవడం సాధ్యమేనా? పిల్లలకు వీటిని చూపించాలని ఉంది గానీ, నాకు రూఢిగా తెలియని మాటను వారికి పాఠంగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

జవాబు: ప్రొద్దుటూరు, విశ్రాంత పశువైద్యుడు

అయ్యవారికి నమస్కారం. మీరు చూసినది చూసినట్టు రాశారు కాబట్టి ఫోటో లేకపోయినా కొంత చెప్పగలను.

పన్ను విషయంలో గుర్రం అన్న అభిప్రాయం ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. గుర్రం పళ్లూ ఎత్తుగానే ఉంటాయి, కింది దవడలో చివరి పన్నుకు మూడో భాగం గుర్రంలోనూ ఉంటుంది. కాబట్టి స్తంభాల లెక్క ఒక్కటే చాలదు, నమిలే ముఖాన్ని చూడాలి. గుర్రం కింది దవడ పన్నులో పింగాణి గీత ఎక్కడా తెగకుండా ఒకే దారం మెలికలు తిరిగినట్టు పోతుంది. దాని లోపల విడిగా మూసుకున్న వలయాలు ఉండవు. ఆవు, ఎద్దు, ఎనుము వంటి నెమరువేసే పశువుల పన్నులో మాత్రం బయటి గీతకు లోపల, దానితో కలవకుండా, నెలవంక ఆకారంలో మూసుకున్న వలయాలు ఉంటాయి. మీరు నెలవంకలు అన్నారు కాబట్టి ఇది పశువు పన్నేనని, అందులోనూ కింది దవడలో చిట్టచివరి పన్నని అనుకుంటున్నాను. ఇంకొక ఆనవాలు కూడా చూడండి. పన్నుకు చెంప వైపు, మొదటి రెండు స్తంభాల సందున, పుల్లలాంటి సన్నని చిన్న స్తంభం నిలువుగా ఉందా? ఉంటే సందేహం ఇంకా తగ్గుతుంది. గొర్రె, మేక పళ్లలో ఆ పుల్ల సాధారణంగా కనబడదు, పైగా వాటి పళ్లు చాలా చిన్నవి. దుప్పి, కణుజు వంటి జింక జాతుల పళ్ల కిరీటం పొట్టిగా ఉంటుంది గనుక అయిదున్నర సెంటీమీటర్ల ఎత్తు వాటికి పొసగదు. అయితే ఆవుదా, ఎనుముదా అన్నది ఒక్క పన్నును చూసి చెప్పడం నాకే కష్టం. తొందరపడి ఏదో ఒకటి రాసుకోవద్దు.

రెండో ఎముక వెనక కాలి మడమ కీలులోది. రెండు చివరలా గిలక ఉన్నదంటే అది జోడు గిట్టల జంతువు అని గట్టిగా చెప్పవచ్చు: పశువులు, గొర్రెలు, మేకలు, జింకలు, పందులు అన్నీ ఇందులోకే వస్తాయి. గుర్రానికీ గాడిదకూ ఇదే ఎముకలో ఒక్క చివరే గిలక ఉంటుంది, అదీ ఏటవాలుగా. రెండో చివర దాదాపు చదునుగా ఉంటుంది. ఖడ్గమృగానికీ ఒక వైపే గిలక. కాలి ఎముకలన్నింటిలోకీ ఇది గట్టిది కాబట్టి వాగుల్లో మిగతావి అరిగిపోయినా ఇది మిగులుతుంది. ఆరు సెంటీమీటర్లంటే మేక, గొర్రె, కృష్ణజింక లెక్కలోంచి తప్పుకుంటాయి. మిగిలేవి ఆవు, ఎనుము, బహుశా బాగా పెరిగిన మనుబోతు (నీల్‌గాయ్). ఈ మూడింటి ఎముకలనూ పక్కన పెట్టుకుని పోల్చితే తప్ప తేలదు.

మూడోదాని మీది గాడుల గురించి మీరు నిరుత్సాహపడవద్దు గానీ, అవి ఏదుపంది పళ్ల గుర్తులు కావచ్చు. ఏదుపంది ఎముకలను తన బొరియకు మోసుకుపోయి కొరుకుతుంది. తన ముందు పళ్లను అరగదీసుకోవడానికీ, ఎముకలోని సున్నపు సారం కోసమూ అలా చేస్తుంది. దాని పళ్లు ఉలిలా ఉంటాయి కాబట్టి గాడి అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటుంది, గాడులు అంచు వెంబడి వరుసగా పడతాయి. రాతి అంచుతో పెట్టిన గాటు వెంట్రుకలా సన్నగా, లోతుకు పోయేకొద్దీ కోసుగా ఉంటుంది, అదీ ఎక్కువగా కండరం ఎముకకు అంటుకునే చోట ఉంటుంది. పాఠశాలలో భూతద్దం ఉంటే గాడి అడుగును ఏటవాలు వెలుతురులో చూడండి.

నా సలహా ఒక్కటే. పాత ఎముకలను పోల్చడానికి ముందు కొత్త ఎముకలను సమకూర్చుకోండి. ఆవు, ఎనుము, గొర్రె, మేక, పంది, కుక్క, గాడిద: ఈ ఏడింటి కాళ్ల ఎముకలూ దవడలూ మీ దగ్గర ఉంటే, వాగులో దొరికే వాటిలో పదింట తొమ్మిదింటిని మీరే గుర్తుపడతారు. ఊరి బయట పడేసిన కళేబరం శుభ్రపడ్డాక, మీ రైతుల అనుమతితో, చేతికి తొడుగులు వేసుకుని తెచ్చుకోవచ్చు. అయితే జబ్బుతో హఠాత్తుగా చచ్చిన పశువు జోలికి మాత్రం పోవద్దు, దొమ్మరోగం (ఆంత్రాక్స్) క్రిములు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. మా ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర విభాగం వారిని ముందుగా ఉత్తరం రాసి అడిగి, మీ ఎముకలను తీసుకుపోయి పోల్చుకోవచ్చు.

జవాబు: కర్నూలు, భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు

డాక్టరు గారు జంతువు సంగతి చెప్పారు కాబట్టి నేను వయసు సంగతి మాత్రమే చెబుతాను. చాలామంది పొరబడేది ఇక్కడే. జంతువు పేరు తెలిస్తే కాలం తెలిసినట్టే అనుకుంటారు. వేరే చోట్ల అది కొంతవరకు నిజమే. నర్మద గట్లలో ఇప్పుడు అంతరించిపోయిన పెద్ద ఏనుగు జాతి దంతమో, నీటిగుర్రం దవడో దొరికితే, ఆ జంతువులు ఇక్కడ లేకుండా పోయి చాలా కాలమైంది గనుక అది పాతదేనని ఆ ఎముకే చెబుతుంది. మన కర్నూలు ప్రాంతంలో ఆ సౌకర్యం దాదాపుగా లేదు.

బిల్లసర్గం కథే అందుకు సాక్ష్యం. ఆ గుహల్లోని ఎముకల సంగతిని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లో మొదట రాశాడు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1880లలో మళ్లీ వాటిని వెతికి పట్టుకోగా, ఆయన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫూట్ తవ్వకాలు జరిపించాడు. అక్కడ దొరికిన ఎముకలను లిడెక్కర్ అనే శిలాజ శాస్త్రవేత్త పరిశీలించి 1886లో ప్రకటించాడు. అందులో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు. ఆ తర్వాత ఇటీవలి కాలంలో పొరలవారీగా, కాలనిర్ణయంతో సహా మళ్లీ తవ్వి, 2014లో ప్రచురించిన పరిశోధన ఏం తేల్చిందంటే, అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం 1,00,000 ఏళ్లుగా, కొన్నయితే 2,00,000 ఏళ్లుగా, ఉపఖండంలో ఈనాటి వరకూ కొనసాగుతూనే ఉన్నాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించినట్టు ఇక్కడ జరగలేదు. కర్నూలు నేల ప్రపంచానికి చెప్పిన గొప్ప సంగతి ఇది. కానీ మీలాంటి సేకర్తకు దీనివల్ల ఒక చిక్కు వస్తుంది: మనుబోతు ఎముక దొరికితే అది పోయిన ఏడాదిది కావచ్చు, లక్ష ఏళ్ల నాటిదీ కావచ్చు, ఆకారంలో తేడా ఉండదు.

ఈ రెండు కొసల మధ్య ఇంకొక కాలం కూడా ఉంది. మన రాయలసీమలో నాలుగయిదు వేల ఏళ్ల కిందటి నుంచే పశువుల మందలతో బతికిన ప్రజలు ఉన్నారు. అనంతపురం జిల్లా పాల్వాయిలో పశువుల పేడ కాలి పేరుకున్న బూడిద దిబ్బ వాళ్లు మిగిల్చినదే. ఆవు పన్ను పాతదిగా కనిపించినా, అది ఆ మందలదేమో అన్న ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి.

కాబట్టి వయసు చెప్పగలిగేది ఎముక ఉన్న పొర మాత్రమే. వంక అడుగున గులకరాళ్ల మీద దొరికిన ఎముక ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. గట్టులో, కదలని పొరలో, సగం లోపల సగం బయట ఉన్న ఎముకకే విలువ ఎక్కువ. మీది జుర్రేరు లోయ కాబట్టి మీకు ఇంకొక అదృష్టం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిసిన బూడిద ఈ లోయలోని జ్వాలాపురం దగ్గర తెల్లని పొరగా పడింది. కొన్నిచోట్ల చుట్టుపక్కల నుంచి నీటికి కొట్టుకొచ్చి మీటరుకు పైగా మందాన పేరుకుంది. మెత్తగా, వేళ్ల మధ్య నలిపితే పిండిలా ఉండే ఆ పొర ఒక గడియారం వంటిది. కదలని పొరలో దాని కింద ఉన్న ఎముక అంతకంటే పాతది, పైన ఉన్నది అంతకంటే కొత్తది.

మూడో ముక్క మీది సున్నపు పెచ్చు ఆశ కలిగించే విషయమే. మట్టిలోని నీరు ఆవిరవుతూ సున్నాన్ని వదిలిపెట్టి అలా గడ్డ కడుతుంది, అది కొన్నేళ్లలో జరిగే పని కాదు. అయితే అది ఎన్ని వేల ఏళ్లన్నది మాత్రం చెప్పదు. బరువు కూడా అంతే: సున్నం ఎముక రంధ్రాల్లోకి చేరితే బరువు పెరుగుతుంది. ఇది గట్టులో దొరికిందా, అడుగున దొరికిందా?

ఇంకొక మాట. మా విద్యార్థులు కూడా నాపరాతి గుట్టల్లో గుండ్రటి పొరలున్న రాళ్లను తెచ్చి, రాయిగా మారిన పెద్ద జంతువు ఎముక అని చూపిస్తుంటారు. మన కడప, కర్నూలు సున్నపురాళ్లు ఎముకలున్న జంతువులు పుట్టక చాలా ముందటివి. ఆ గుండ్రటి పొరలు చాలావరకు సూక్ష్మజీవుల తివాచీలు పేరుకుని ఏర్పడిన స్ట్రొమటొలైట్లు. వాటికీ ఎంతో విలువ ఉంది, కానీ అవి ఎముకలు కావు. ఇక్కడ క్షీరదాల ఎముకలు రాతిలో ఉండవు. రాతి గుహల్లో చేరిన మట్టిలోనూ, వాగుల ఒండ్రులోనూ ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:

డాక్టరు గారికీ, మేడమ్ గారికీ కృతజ్ఞతలు. పన్నుకు చెంప వైపున ఆ సన్నని పుల్ల ఉంది, లోపల మూసుకున్న నెలవంకలూ ఉన్నాయి. మా సహోద్యోగికి చూపిస్తే ఆయనా ఒప్పుకున్నారు. గాడులను భూతద్దంతో చూశాను. అడుగు చదునుగానే ఉంది. రెండేళ్లుగా నేను మోసిన ఆలోచన పోయింది గానీ, ఏదుపంది కొరికిన ఎముక అని తెలిశాక దాని మీద మమకారం ఏమీ తగ్గలేదు.

మేడమ్ గారి ప్రశ్నకు జవాబు చెప్పడానికి బాధగా ఉంది. ఆ ముక్క గట్టులోంచే వచ్చింది. పైన నల్లరేగడి, దాని కింద ఎర్రటి మట్టి, ఆ కింద సున్నపు గడ్డలున్న పసుపు మట్టి ఉంటే, ఆ పసుపు మట్టిలో నడుము ఎత్తున కొస పొడుచుకుని కనబడింది. వచ్చే వానకు కొట్టుకుపోతుందని లాగేశాను. లాగేటప్పుడు ఒక చివర లోపలే విరిగింది. అదృష్టవశాత్తు లాగక ముందు ఫోనులో ఒక ఫోటో తీశాను, అందులో తేదీ, స్థలం నమోదై ఉన్నాయి. తెల్ల బూడిద పొర ఆ గట్టులో లేదు గానీ, ఎగువన ఒక గుంత గోడలో కనబడుతుంది. ఒక మిత్రుడు ఎముకను నాలుకకు ఆనిస్తే, అంటుకుంటే పాతదని చెప్పాడు. కాల్చి చూడమని ఇంకొకరు అన్నారు. ఈ పరీక్షలు నమ్మదగినవేనా?

జవాబు: కర్నూలు, భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు

ఫోటో ఉన్నదంటే సగం నష్టం తప్పినట్టే.

తాజాగా ఎండిన ఎముక బరువులో ఇంచుమించు నాలుగో వంతు కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. అది కుళ్లిపోయాక ఎముకలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, ఆ రంధ్రాలు తేమను పీల్చుకోవడం వల్ల నాలుకకు అంటుకుంటుంది. కాల్చినప్పుడు వెంట్రుకలు కాలిన వాసన రావడానికి కారణం కూడా ఆ మాంసకృత్తే. అంటే ఈ రెండు పరీక్షలూ కొల్లాజెన్ మిగిలిందా లేదా అని మాత్రమే చెబుతాయి. మన ఎండలకు, తడిసి ఆరే నేలల్లో అది వేగంగా నశిస్తుంది. కొన్ని వందల ఏళ్ల ఎముక కూడా నాలుకకు అంటుకోవచ్చు. అదే సమయంలో రంధ్రాలన్నీ సున్నంతో పూడుకుపోయిన నిజమైన పాత ఎముక అంటుకోకపోవచ్చు. వాగులో దొరికిన ఎముకను నోట పెట్టుకోవడం ఆరోగ్యానికీ మంచిది కాదు. కాల్చడం ఏ పరిస్థితిలోనూ వద్దు. రేడియోకార్బన్ పద్ధతికి కావలసినది మిగిలి ఉన్న ఆ కాస్త కొల్లాజెనే. అదీ సుమారు 50,000 ఏళ్ల లోపు వాటికే పనికొస్తుంది.

మీ పసుపు మట్టి పొరకు కాలం కట్టే దారి ఇంకొకటి ఉంది. ఇసుక రేణువులకు చివరిసారి ఎండ తగిలి ఎంత కాలమైందో కొలిచే పద్ధతి అది. దానికి మట్టిని వెలుతురు సోకకుండా గొట్టంతో తీయాలి, అది నిపుణులే చేయాలి. అందుకే ఆ గట్టును చెక్కవద్దు, విరిగిపోయిన చివర కోసం తవ్వవద్దు. నేను వచ్చి చూస్తాను. ఎగువ గుంతలోని బూడిదకూ మీ గట్టులోని పొరలకూ ఎత్తులో పొంతన ఏమిటో తాడు మట్టంతో కొలిచినా చాలా తెలుస్తుంది.

జవాబు: అనంతపురం, పాతికేళ్లుగా సేకరిస్తున్న పాఠకుడు

అయ్యవారూ, నేను పండితుణ్ని కాను. చిత్రావతి, పెన్న వెంబడి తిరిగి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, ముఖ్యంగా నేను నష్టపోయి నేర్చుకున్నవి.

తడిగా ఉన్న ఎముకను ఎండలో పెట్టవద్దు. ఒకసారి ఎంతో చక్కని దవడను ఇంటి మిద్దె మీద ఆరబెట్టాను. సాయంత్రానికి నిలువునా పగిలి, పళ్లు ఊడిపోయాయి. వార్తాపత్రికలో చుట్టి నీడలో వారం పదిరోజులు ఆరనివ్వాలి. మట్టిని మెత్తని కుంచెతో తీయాలి. ఆమ్లంతో సున్నపు పెచ్చును కరిగిస్తే ఎముక కూడా కరుగుతుంది. విరిగిన ముక్కలను ఫెవికాల్‌తో అతికించవద్దు, తర్వాత ఎవరైనా విడదీయాలన్నా రాదు. మ్యూజియంల వారు అసిటోన్‌లో కరిగే పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడతారు, అవసరమైతే దాన్ని మళ్లీ కరిగించి తీయవచ్చు.

ఇంకా ముఖ్యం నోటు పుస్తకం. ఎముక మీద ఒక మూల చిన్న సంఖ్య, పుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా తేదీ, స్థలం, గట్టులోనా అడుగులోనా, పైనుంచి ఎంత లోతు, పొర రంగు. నా మొదటి పదేళ్ల సేకరణలో ఇవేవీ లేవు. మూడు గోనెసంచుల ఎముకలు ఉన్నాయి, వాటిని ఏ పరిశోధకుడికి చూపించినా మొదట అడిగేది ఎక్కడ దొరికిందనే. చెప్పలేక తల వంచుకున్నాను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు భాగాలు ప్రభుత్వ ఆస్తి. అలాంటివి దొరికితే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. చిరుత గోరు, అలుగు పొలుసు, జింక కొమ్ము తాజాగా కనిపిస్తే ముట్టుకోకండి. రిజర్వు అడవిలో నుంచి రాయి కూడా తేవద్దు. పట్టా పొలం గట్టు అయితే రైతు అనుమతి తీసుకోండి. మనిషి పుర్రెలాంటిదో, పెద్ద బండలు పేర్చిన సమాధి పక్కన ఎముకో కనబడితే అక్కడే ఆగిపోయి తహసీల్దారు గారికీ, పురావస్తు శాఖకూ చెప్పండి. దేన్నీ అమ్మవద్దు, కొంటామని వచ్చేవారికి స్థలం చూపించవద్దు.

ప్రశ్న అడిగినవారు:

నిన్న మేడమ్ గారు ఒక విద్యార్థితో వచ్చి గట్టును చూశారు. నేను లాగిన చోట, విరిగిన చివర ఇంకా మట్టిలోనే ఉంది. దానికి జానెడు ఎడమగా, అదే పొరలో, ఇంకొక ఎముక అంచు కనబడుతోంది. రెండింటినీ ముట్టుకోలేదు. నల్లరేగడి పైనుంచి ఎముకకు రెండు మీటర్ల పది సెంటీమీటర్ల లోతు ఉంది. ఎగువ గుంతలోని తెల్ల బూడిదను తాడు మట్టంతో కొలిస్తే, దాని అడుగు మా పసుపు మట్టి కంటే పైనే వచ్చింది. అయితే వంక వాలును కూడా లెక్కలోకి తీసుకోవాలనీ, మధ్యలో రెండు చోట్ల పొరలను గీసుకుంటూ వస్తేనే నమ్మకంగా చెప్పగలమనీ మేడమ్ గారు అన్నారు.

పొలం రైతును అడిగితే, ఆ గట్టు పక్కన ఈ ఏడు మడక తోలననీ, గొర్రెలను అటు దిగనివ్వననీ ఒప్పుకున్నారు. వంక మళ్లీ వచ్చేలోపు గట్టు కాళ్ల దగ్గర ఇసుక నింపిన గోనెసంచులు పేర్చాము, పదో తరగతి పిల్లలు పదకొండు మంది మోశారు. పన్ను పెట్టె మీద "పశువు, కింది దవడ చివరి పన్ను, వంక అడుగున దొరికింది, కాలం తెలియదు" అని రాసి తరగతి గదిలో ఉంచాను. మూడో ముక్క పెట్టె మీద లోతు, పొర రాసి, జంతువు పేరు దగ్గర ఖాళీ వదిలాను.